గుడి లేని పేరు

పేరు చెప్పమన్నారు, చెబుతా.
రాత సువార్త. ఊరు మార్కాపురం.
నవ్వుకోండి, మీకంటే ముందు నవ్వినవాళ్లు చానామంది.
శుభలేఖల ప్రెస్సులో ఒకాయనైతే
ఇది పేరా, పద్యమా అన్నాడు.

మా ఇంటిపేరు రాత కాదు, రాతి.
పలకల గనిలో మా తాత పుల్లయ్య
ఉలి మొనతో పొర విడదీసేవాడు,
నిద్రపోయే బిడ్డ మీంచి దుప్పటి తీసినట్టు.
ఆయన చేతి మీదుగా పోయిన పలకల మీద
ఎన్ని ఊళ్ల పిల్లలు దిద్దుకున్నారో.
ఆయనకు మాత్రం 'అ' అంటే
చలికి ముడుచుకు పడుకున్న కుక్క.

మా నాయన యోబును బళ్లో వేసిన రోజు
ఇంటిపేరు? అన్నాడు అయ్యవారు, తలెత్తకుండా.
రాతి, అన్నాడు తాత, గడప బయటి నుంచి.
కలంలో సిరా అయిపోయిందో
అన్నం గంట కొట్టారో
'త' మీద గుడి పడలేదు.
రాత అయ్యాం.

గుళ్లోకి మనల్ని ఎటూ రానిచ్చింది లేదు,
పేరులో ఉన్న ఆ కాస్త గుడీ పీకేశారు,
అనేది మా మేనత్త ఏస్తేరు.
అని, పొయ్యి ఊదుకునేది.

రాతికి ముందు ఏముంది?
ధాత కరువులో కనిగిరి వైపు నుంచి నడిచొచ్చారంట.
గంజి తొట్టి కాడ పేర్లు రాసే గుమాస్తా
ఎవుర్రా మీరు అంటే
నెత్తిన తట్ట ఉన్న ముసలాయన
తట్ట దించకుండానే, రాతి పనయ్యా, అన్నాడంట.
అంతకు ముందరి పేరుని
దారిలో ఏదో వాగు ఒడ్డున
ఒక పసిబిడ్డతో పాటు పూడ్చారని అత్త.
మీ అత్త చెప్పేవన్నీ నమ్మబాక అని నాయన.

నేను పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తా.
అక్షరాల పిచ్చి అక్కడ పట్టింది కాదు.
ఫ్యాక్టరీలో విరిగిన ముక్కలన్నీ నావి.
లారీ ఎక్కే పెట్టెల మీద
ఒక్కో ఊరి పేరు ఒక్కో లిపిలో ఉండేది,
చూసి గీసేదాన్ని.
కన్నడం మన అక్షరమే, తలపాగా మార్చి చుట్టుకుంది.
తమిళంలో క, గ ఒకే గదిలో కాపురం.
చెక్క ఫ్రేములు బిగించే ఖాసింపీరా మామ
నా చెయ్యి పట్టుకుని
ఉర్దూలోకి కుడి నుంచి నడిపించాడు.
సుగాలి మాట యర్రగొండపాలెం బస్సులో నేర్చుకున్నా.
నేర్చుకున్నానంటే,
పదకొండు మాటలు, అందులో రెండు తిట్లు.

ఒంగోలు ట్రైనింగులో మాత్రం
నా సొంత మాటకే నవ్వారు.
యాడికి పోతుండావు అనకూడదంట.
ఎక్కడికి వెళ్తున్నారు, అన్నా.
ఆ నెల్లాళ్లూ నా నాలుక
ఇరుకు చెప్పులేసుకుని పెళ్లికి పోయినట్టు నడిచింది.

ఇంకొకటి చెప్పాలి.
పలక విరిగే ముందు
లోపల ఎక్కడో సన్నగా ఒక చప్పుడు చేస్తుంది.
గనిలో వాళ్లకు మాత్రమే వినపడేది.
దానికి తాత దగ్గర ఒక మాట ఉండేది.
నిఘంటువులు తిరగేశా, లేదు.
నాయన్ని అడిగితే, ఏదో ఉండేదిమే, అన్నాడు.
అత్తకు తెలుసు. అత్త పోయి ఆరేళ్లు.
రెండక్షరాలదని గుర్తు,
రెండోది ఒత్తు అని గుర్తు.

మొన్నీమధ్య ఆధార్ సెంటర్లో కుర్రాడు
స్క్రీను నా వైపు తిప్పి,
పేరులో తప్పులేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పక్కా,
ఫీజు యాభై, అన్నాడు.
వెనకాల పెద్ద లైను, ఎవరిదో బిడ్డ ఏడుపు.
యాభై తీశా.
నాయన మార్కుల కాగితం గుర్తొచ్చింది,
గడప బయట తాత గుర్తొచ్చాడు.
మళ్లీ లోపల పెట్టా.

ఏ తప్పు సంగతి అడుగుతుండావబ్బాయ్, అన్నా.

నెక్స్ట్, అన్నాడు వాడు.